నాక్సోస్ ద్వీపానికి వెళ్ళేవారికి సమగ్ర మార్గదర్శి: ముందు గాలి చూడాలి, తర్వాత బీచ్

గ్రీస్ టికెట్లు కొన్నాక అందరూ అడిగేది ఒకటే: "నాక్సోస్‌లో ఐదు రోజులున్నాం, ఏ రోజు ఏం చూడాలో వరసగా రాసివ్వండి." అలా రాసిస్తే రెండో రోజుకే ఆ కాగితం పనికిరాకుండా పోతుంది. వేసవిలో ఈ ద్వీపం మీద ఉత్తరం నుంచి మెల్తేమి అనే పొడి గాలి వీస్తుంది. ఆకాశం నిర్మలంగానే ఉంటుంది, ఎండ కాస్తూనే ఉంటుంది, కానీ పడవలు ఆగిపోతాయి, ఇసుక మొహాన కొడుతుంది. మొదలైతే మూడు నాలుగు రోజులు వదలదు.

అందుకే ఇక్కడ రోజువారీ పట్టిక ఇవ్వడం లేదు. గాలి ఎలా ఉంటే ఎక్కడికి వెళ్ళాలో, అంతకంటే ముందు ఏమేం సర్దుకోవాలో ఉంది.

1. నెల ఎంచుకోవడం

జూన్ మొదటి సగం, సెప్టెంబరు మొత్తం: ఈ రెండూ మేలైన కాలాలు. జూలై మధ్య నుంచి ఆగస్టు చివరి దాకా మెల్తేమి బలంగా ఉంటుంది, జనమూ ధరలూ కూడా అప్పుడే ఎక్కువ. ఆగస్టు 15 మరియమ్మ పండుగకు గ్రీకులంతా సొంత ద్వీపాలకు వెళ్తారు. ఆ వారంలో ఓడ టికెట్టూ గదీ రెండూ దొరకడం కష్టం.

పిల్లల బడి సెలవులను బట్టి వెళ్ళేవాళ్ళకు రెండు దారులున్నాయి. మే చివర్లో వెళ్తే ద్వీపం పచ్చగా ఉంటుంది, కొండ ఎక్కడానికి హాయి, కానీ సముద్రం 19–20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. విశాఖ, బాపట్ల నీళ్ళకు అలవాటుపడ్డ పిల్లలు కాలు పెట్టి వెనక్కి పరిగెత్తుతారు. దసరా సెలవులు సెప్టెంబరు చివరగానీ అక్టోబరు మొదట్లోగానీ పడితే అదృష్టమే. వేసవంతా కాగిన నీళ్ళు అప్పటికీ 23 డిగ్రీల దాకా ఉంటాయి, గాలి తగ్గుతుంది, గదులూ దిగొస్తాయి. అక్టోబరు రెండో వారం దాటితే మాత్రం బీచ్ బస్సులు, పడవ షికార్లు ఒక్కొక్కటే ఆగిపోతుంటాయి.

ఎన్ని రాత్రులు? కనీసం నాలుగు, ఐదైతే మంచిది. నాక్సోస్ సిక్లడీస్ అనే గ్రీకు ద్వీపసమూహంలో అన్నిటికంటే పెద్దది, సుమారు 430 చదరపు కిలోమీటర్లు. రెండు రాత్రులకు వచ్చినవాళ్ళు ఒక బీచ్, ఒక సూర్యాస్తమయం చూసి వెళ్ళిపోతారు.

2. వీసా, కాగితాలు

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. ఆఖరి గడువు 15 రోజుల ముందు, కానీ అంతవరకూ ఆగకండి. వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు కష్టం. నిర్ణయం సాధారణంగా 15 రోజుల్లో వస్తుంది, కొన్ని కేసుల్లో 45 రోజుల దాకా పట్టవచ్చు. రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు 45, అంతకంటే చిన్నవారికి లేదు. దరఖాస్తు తీసుకునే వీసా కేంద్రం వారి సేవా రుసుము వేరే.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే: ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. ఇటలీలో ఏడు రాత్రులు, గ్రీస్‌లో నాలుగు అయితే ఇటలీకే. రాత్రులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. గ్రీస్‌కి అపాయింట్‌మెంట్ తొందరగా దొరికిందని అక్కడ పెట్టేస్తే తిరస్కరణకు దారి వేసుకున్నట్టే. అమెరికాలో, గల్ఫ్‌లో ఉంటూ భారత పాస్‌పోర్టు మీద వెళ్ళేవారు తాము నివసించే దేశం నుంచే పెట్టుకోవాలి.

సరిచూసుకోవలసినవి:

- పాస్‌పోర్టు పదేళ్ళ లోపు జారీ అయినదై ఉండాలి. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి. రెండు ఖాళీ పేజీలు ఉండాలి.
- ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా ఉండాలి.
- హోటల్ బుకింగులు రాత్రి రాత్రికీ కలవాలి. ఏథెన్స్‌లో ఉండే రాత్రిని మరిచిపోవద్దు.
- కారు నడపాలంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. మన రవాణా శాఖే ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. మన లైసెన్సును కూడా వెంట తీసుకెళ్ళాలి, ఒకటుంటే చాలదు.
- 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. విమానం దిగాక క్యూకి ఒక గంట అదనంగా లెక్క వేసుకోండి.

సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి, అటుకులు పెట్టుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల, మాంసం సరుకు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. తాజా కరివేపాకు, మామిడిపండ్లు కూడా విమానాశ్రయంలో తీసి పారేస్తారు.

3. ఏథెన్స్ నుంచి ద్వీపానికి

విమానం ఉంది: చిన్న ప్రొపెల్లర్ విమానాలు, ముక్కాలు గంటలో దింపుతాయి. సామాను పరిమితి తక్కువ, సీట్లు త్వరగా అయిపోతాయి. పెద్దవాళ్ళు వెంట ఉంటే అదే మేలు. మిగతావాళ్ళకు ఓడ.

పిరేయస్ రేవు నుంచి పెద్ద ఓడ ఐదు నుంచి ఐదున్నర గంటలు తీసుకుంటుంది, వేగనౌక మూడున్నర నుంచి నాలుగు. టికెట్ ధర చూసి కాదు, కడుపు చూసి ఎంచుకోండి. గాలి రోజున వేగనౌక ఎగిరెగిరి పడుతుంది, డెక్ మీదకు రానివ్వరు, చుట్టూ వాంతి సంచుల చప్పుడే. పెద్ద ఓడ నెమ్మది, కానీ స్థిరం. బయట గాలికి నిలబడవచ్చు. పైగా గాలి పెరిగితే ముందు రద్దయ్యేవి వేగనౌకలే.

క్రమం ఇది:

1. విమానాశ్రయం నుంచి పిరేయస్‌కి మెట్రో మూడో లైను నేరుగా వెళ్తుంది. సుమారు గంట, టికెట్ 9 యూరోలు. మెట్రో లేని అర్ధరాత్రి వేళ ఎక్స్96 బస్సు ఉంటుంది. ఈ మెట్రోలో జేబుదొంగలు ఎక్కువ. పాస్‌పోర్టు వెనక జేబులో వద్దు.
2. పిరేయస్ చాలా పెద్ద రేవు. ఓడ ఏ గేటు నుంచో టికెట్‌తో పాటు వచ్చిన సందేశంలో చూడండి. పొరపాటు గేటుకు వెళ్తే సూట్‌కేసు లాక్కుంటూ ఇరవై నిమిషాలు నడవాలి.
3. గంట ముందు చేరండి. ఎక్కేది ఓడ వెనక భాగంలో, లారీలూ కార్లూ ఎక్కే ర్యాంపు మీదుగానే.
4. కింది అంతస్తులో సామాను అరలుంటాయి, వాటి మీద ద్వీపాల పేర్లు రాసి ఉంటాయి. నాక్సోస్ అరలోనే పెట్టండి. ముందు పారోస్ వస్తుంది. తప్పు అరలో పెడితే పారోస్‌లో దిగేవాళ్ళ తొక్కిసలాటలో మీ పెట్టె ఎటో జరిగిపోతుంది.
5. మందులు, పాస్‌పోర్టు, స్వెట్టరు చేతిసంచిలో ఉంచుకోండి. లోపల ఏసీ చలి ఒణికిస్తుంది.
6. నాక్సోస్ అని ప్రకటన రాగానే కిందికి దిగండి. ఓడ ఆగేది కొద్ది నిమిషాలే. ర్యాంపు ఇంకా దిగుతుండగానే జనం కదులుతారు.

ప్రయాణం వాంతుల మాత్ర ఓడ కదలడానికి అరగంట, గంట ముందు వేసుకోవాలి. కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు.

4. ఎక్కడ దిగాలి

కారు లేకపోతే హోరాలో. ద్వీపపు ముఖ్య పట్టణం, రేవు, బస్సు స్టాండు అన్నీ అక్కడే. చిన్న పిల్లలుంటే హోరాకు ఆనుకునే ఉన్న ఆయియోస్ యోర్గోస్ బీచ్ వీధుల్లో. రోజంతా సముద్రమే కావాలంటే ఆయియోస్ ప్రోకోపియోస్‌లో, లేదా పక్కనే ఆయియా ఆన్నాలో. బోర్డుల మీది అక్షరాలు చూసి మనం "అగియోస్" అని చదువుతాం. పలికేటప్పుడు "ఆయియోస్" అనండి, బస్సు డ్రైవరుకు వెంటనే అర్థమవుతుంది.

హోరాలో కాస్త్రో అనే కోట లోపల గది తీసుకునే ముందు మెట్లెన్నో అడగండి. లోపలికి కారు రాదు. వీపున మోయగలిగే సంచీ ఉంటేనే అక్కడ.

"స్టూడియో" అని రాసి ఉన్న గదిలో చిన్న పొయ్యి, ఫ్రిజ్, రెండు గిన్నెలు ఉంటాయి. మన కుటుంబాలకు ఆ పదం వెతికి పట్టుకోవడం లాభం. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా హోటల్ స్థాయిని బట్టి గదికి రాత్రికి 2 నుంచి 15 యూరోల ప్రభుత్వ రుసుము అక్కడే కట్టాలి. బుకింగ్ ధరలో చాలాసార్లు అది కలిసి ఉండదు.

5. బస్సా, కారా

బీచ్‌లకు బస్సు చాలు. వేసవిలో హోరా నుంచి ప్రోకోపియోస్, ఆన్నా, ప్లాకాలకు తరచుగా తిరుగుతాయి. టికెట్ ముందే కొనాలి: రేవు దగ్గరి బస్సు కార్యాలయంలోగానీ స్టాపుల దగ్గరి కిరాణా కొట్లలోగానీ. డ్రైవర్ ఇస్తాడులే అనుకుని ఎక్కకండి. తిరుగు టికెట్ కూడా అప్పుడే కొనుక్కోండి. సాయంత్రం ప్లాకా నుంచి వచ్చే బస్సు బయల్దేరే స్టాపులోనే నిండుతుంది, మధ్యలో చెయ్యెత్తితే ఆగదు.

కొండ ఊళ్ళకు బస్సులు రోజుకు కొన్నే, ఆదివారం మరీ తక్కువ. వాటికి రెండు రోజులు కారు తీసుకోవడం ఉత్తమం. ఐదు రోజులూ తీసుకుంటే మూడు రోజులు పార్కింగ్ వెతకడానికే సరిపోతుంది.

కారు తీసుకునేటప్పుడు:

- గేర్లు లేని ఆటోమేటిక్ కారు కావాలంటే నెలల ముందే చెప్పాలి. ఉన్నవి తక్కువ.
- బండి కుడి వైపు నడపాలి. మొదటి గంట పక్క సీటులో ఒకరు "కుడి, కుడి" అని గుర్తు చేస్తూ ఉండాలి. తప్పు జరిగేది మలుపులో కాదు, ఖాళీ పార్కింగ్ నుంచి రోడ్డెక్కేటప్పుడు.
- పూర్తి బీమా అన్నా టైర్లు, అద్దాలు, బండి అడుగు భాగం కలిసాయో లేదో చదవండి. మట్టిరోడ్డు మీద దెబ్బ తగిలితే చాలా ఒప్పందాల్లో బీమా వర్తించదు.
- తాళం తీసుకునే ముందు నాలుగు వైపులా వీడియో తీయండి, చక్రాల అంచులతో సహా.
- ట్యాంకు హోరా పరిసరాల్లోనే నింపుకోండి. ఉత్తరాన, తూర్పున బంకులు చాలా అరుదు.

క్వాడ్ అని పిలిచే నాలుగు చక్రాల బండి సరదాగానే కనిపిస్తుంది. కొండ మలుపులో గాలి పక్కనుంచి తోసినప్పుడు దాన్ని అదుపు చేయడం అలవాటు లేనివారి వల్ల కాదు. మా ఓటు కారుకే.

6. గాలిని చదవడం

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. రోజూ రాత్రి పడుకునే ముందు మర్నాటి గాలి చూడండి. ఫోన్‌లో ఏ వాతావరణ యాప్ అయినా సరే, కొలతను బోఫోర్ట్‌కి, అంటే గాలి బలాన్ని అంకెల్లో చెప్పే కొలమానానికి మార్చండి. గ్రీస్‌లో హోటల్ యజమాని, జాలరి, ఓడల ఏజెంటు అందరూ మాట్లాడేది ఆ అంకెల్లోనే: "రేపు ఆరు", "ఎల్లుండి ఎనిమిది".

- 0 నుంచి 3: ఇలాంటి రోజు దొరికితే వదలకండి. పడవ షికారు, కుఫోనీసియా లాంటి చిన్న ద్వీపాలు, ఉత్తరాన అపోలోనాస్, తూర్పున ముత్సూనా, జాస్ కొండ అన్నీ ఈ రోజుల్లోనే.
- 4 నుంచి 5: పడమటి బీచ్‌లు. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా లేవండి. మెల్తేమి సాధారణంగా పొద్దెక్కే కొద్దీ బలపడి సాయంత్రానికి తగ్గుతుంది.
- 6, 7: తొమ్మిదో భాగంలో చెప్పిన ఊళ్ళు, గుడి, హాల్కి ఊరి సందులు. సముద్రం కావాలంటే ఆయియోస్ ప్రోకోపియోస్ ఒక్కటే కొంత ఓర్చుకోదగ్గది. విండ్‌సర్ఫింగ్ వచ్చినవాళ్ళకు మాత్రం ఇదే పండుగ.
- 8, ఆపైన: ఓడలు ఆగే అవకాశం ఎక్కువ. మర్నాడు ప్రయాణముంటే ఈ రాత్రే టికెట్ సంగతి చూసుకోండి.

ఎప్పుడైనా దక్షిణ గాలి వీస్తే లెక్క తలకిందులవుతుంది: ఉత్తర తీరం నిశ్శబ్దంగా ఉంటుంది, దక్షిణాన అలలు లేస్తాయి. అందుకే అంకెతో పాటు బాణం గుర్తు ఎటు చూపిస్తోందో కూడా చూడాలి.

పడవ షికారుకు డబ్బు కట్టేటప్పుడు ఒక్క మాట అడగండి: గాలి వల్ల రద్దయితే డబ్బు తిరిగిస్తారా, తేదీ మారుస్తారా? ఐదు రోజుల్లో షికారును మొదటి రెండు రోజుల్లోనే పెట్టుకోండి. రద్దయినా వెనక రోజులు మిగులుతాయి. చివరి రోజుకు దాచుకున్నవాళ్ళే ఎక్కువగా నష్టపోతారు.

7. ఏ బీచ్ ఎవరికి

మంచి ఇసుక బీచ్‌లన్నీ పడమటి తీరాన, హోరా నుంచి దక్షిణానికి వరసగా ఉంటాయి.

ఆయియోస్ యోర్గోస్: హోరా నుంచి నడిచి వెళ్ళవచ్చు. చాలా దూరం దాకా మోకాలి లోతే. చిన్న పిల్లలకూ, ఈత రానివారికీ ఇది. దక్షిణం కొసన నీళ్ళు నడుం లోతు దాటని చోట విండ్‌సర్ఫింగ్ నేర్పుతారు. కొత్తవాళ్ళు ఉదయం పాఠం అడగాలి. మధ్యాహ్నం గాలికి తెరచాప లేపడమే గగనం.

ఆయియోస్ ప్రోకోపియోస్: హోరాకు ఐదారు కిలోమీటర్లు, పొడవు కిలోమీటరున్నర. ఇసుక కాస్త గరుకు, అందువల్ల ఒంటికి అంటదు, నీళ్ళు కలగవు. కానీ నాలుగడుగులు వేసేసరికి లోతు వచ్చేస్తుంది. పిల్లల చెయ్యి వదలకండి. జనం బస్సు స్టాపు దగ్గరే మూగుతారు, పది నిమిషాలు నడిస్తే చోటు దొరుకుతుంది.

ఆయియా ఆన్నా: చిన్న పడవల రేవు, ఒడ్డునే భోజనశాలలు. ఈత కంటే మధ్యాహ్న భోజనానికి బాగుంటుంది.

ప్లాకా: సుమారు నాలుగు కిలోమీటర్ల ఇసుక. ఉత్తరం కొస దగ్గర గొడుగులు, కుర్చీలు. దక్షిణానికి వెళ్ళేకొద్దీ ఏమీ ఉండవు, కొందరు బట్టలు లేకుండా స్నానం చేస్తుంటారు. కుటుంబంతో వెళ్ళేవారు ముందే తెలుసుకోవాలి కాబట్టి చెబుతున్నాం. గొడుగుల దగ్గర ఉంటే ఇబ్బంది లేదు.

మిక్రి వీగ్లా: కొండకొమ్ము ఒకటి సముద్రంలోకి పొడుచుకొచ్చి బీచ్‌ను రెండుగా చీలుస్తుంది. ఉత్తరపు వైపు గాలీ అలా నేరుగా కొడతాయి. దక్షిణపు వైపు అల తక్కువ, గాలి మాత్రం ఇసుకను లేపుతుంది. కైట్‌సర్ఫింగ్ చేసేవాళ్ళ తాళ్ళు తల మీదుగా పోతుంటాయి, వాళ్ళ దారిలో ఈదకండి.

అలికో: జూనిపర్ పొదల మధ్య మట్టిదారి, చిన్న చిన్న ఇసుక మూలలు, పక్కనే కట్టడం మధ్యలో వదిలేసిన హోటల్, దాని గోడల నిండా బొమ్మలు. నీడ లేదు, కొట్టు లేదు. ఇద్దరికి మూడు లీటర్ల నీళ్ళు పట్టుకెళ్ళండి. ఇసుక మెత్తగా ఉన్నచోట కారు దింపితే చక్రం కూరుకుపోతుంది. రోడ్డు పక్కనే ఆపి నడవండి.

సన్‌బెడ్ మీద తువ్వాలు పరిచే ముందు ధర అడగండి. ముందు వరసకు ఒక రేటు, వెనక వరసకు ఇంకొకటి. కొన్నిచోట్ల ఇంత తినాలి, తాగాలి అని షరతు ఉంటుంది. ఒడ్డు ఎవరి సొత్తూ కాదు, ఖాళీ ఇసుక మీద మీ గొడుగు పాతుకోవచ్చు. గాలి రోజున చవక గొడుగు ఎగిరిపోతుంది. కర్రను మోచేతి లోతున దింపి, పైభాగాన్ని గాలి వచ్చే వైపుకు వంచి పెట్టాలి.

8. నీళ్ళలో దిగే ముందు

మన తీరంలో భయం విరిగే పెద్ద అల. ఇక్కడ భయం వేరు: నీళ్ళు నున్నగా ఉండి, గాలి ఒడ్డు నుంచి లోపలికి వీచే చోట. గాలి నింపిన ట్యూబు, పరుపు, ప్లాస్టిక్ కొలను బొమ్మల మీద పడుకున్నవాళ్ళు రెండు నిమిషాల్లో లోతుకు కొట్టుకుపోతారు. గాలి ఉన్న రోజున వాటిని గదిలోనే వదిలేయండి. ఎవరైనా కొట్టుకుపోతే ఈదుకుంటూ వెంటపడకండి. కాపలావారిని పిలవండి, లేకపోతే 112కి ఫోన్ చేయండి.

- రాళ్ళున్నచోట రబ్బరు చెప్పులు వేసుకోవాలి. నల్లటి సముద్రపు ముళ్ళకాయలు రాళ్ళకు అంటుకుని ఉంటాయి.
- ముల్లు దిగితే పిండి నొక్కకండి, లోపలే విరుగుతుంది. వెనిగర్‌లో నానబెడితే మెత్తబడుతుంది, అప్పుడు పట్టకారుతో లాగాలి. లోతుగా ఉంటే మందుల షాపుకు వెళ్ళండి. ఆకుపచ్చ శిలువ గుర్తు ఉంటుంది.
- గాలి వల్ల ఎండ తెలియదు. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి లేచాక మళ్ళీ. చెవుల పైభాగం, పాదాల పైభాగం మరిచిపోతారు, కాలేది అవే.
- గులకరాళ్ళు, ఇసుక, గవ్వలు సంచిలో వేసుకోకండి, జరిమానా ఉంది. పాత కుండపెంకు దొరికితే అసలు ముట్టకండి. అది పురావస్తువు, నేరమవుతుంది.

9. ఊళ్ళు, రాతి మనుషులు, కొండ

పోర్తారా. రేవు పక్కన చిన్న దిబ్బ మీద నిలిచిన చలువరాతి ద్వారం, సుమారు ఆరు మీటర్ల ఎత్తు. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో మొదలుపెట్టి వదిలేసిన గుడికి మిగిలింది అదే. టికెట్ లేదు, ఎప్పుడైనా వెళ్ళవచ్చు. సూర్యాస్తమయం జూన్ చివర రాత్రి 8:40 ప్రాంతంలో, సెప్టెంబరు చివర 7:10 ప్రాంతంలో. ముప్పావు గంట ముందు వెళ్ళండి. గాలి రోజున రాతికట్ట మీదకు అలలు చిమ్ముతాయి, నున్నటి చలువరాయి తడిస్తే సబ్బు మీద నడిచినట్టే. ఫోన్ టార్చి వెంట ఉండాలి. జనం లేకుండా ద్వారం చూడాలంటే తెల్లవారుజామున.

కారు రోజు, మొదటిది. ఈ వరసలో వెళ్తే ఎండా జనమూ రెండూ తప్పుతాయి.

1. ఉదయం తొమ్మిదికి ఆనో సంగ్రి దగ్గరి గ్రీకుల పంటల దేవత డిమిటర్ గుడి. పొలాల మధ్య, మళ్ళీ నిలబెట్టిన తెల్లరాతి కట్టడం. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్తే గేటు మూసి ఉండే అవకాశం ఎక్కువ.
2. పదకొండుకు హాల్కి. ఇక్కడ 1896 నాటి వల్లింద్రాస్ సారాయి బట్టీ ఉంది. కిత్రోన్ అనే మత్తుపానీయం మన మాదీఫలం జాతి పండు చెట్టు ఆకులతో తీస్తారు. ఆకుపచ్చది తియ్యన, ఘాటు తక్కువ. పసుపుది ఘాటు ఎక్కువ. నడిపేవారు రుచి చూడకూడదు.
3. దగ్గర్లోనే మోని ఊరి కింద పనయియా ద్రోసియానీ. చాలా పాత రాతి చర్చి, లోపల గోడచిత్రాలు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, ఫ్లాష్ వేయకూడదు.
4. భోజనానికి అపీరాంథోస్. సందులన్నీ చలువరాతి పలకలే. ఊరి మొదట్లోనే కారు ఆపండి, లోపలికి దారి లేదు. ఈ చుట్టుపక్కల కొండల్లోనే ఎమరీ రాయి తవ్వేవారు. వడ్రంగులు వాడే గరుకు కాగితానికి పేరు తెచ్చిన రాయి అది.

కారు రోజు, రెండోది. ఫ్లేరియోలో తోట పక్కన చెక్కుతూ చెక్కుతూ కాలు విరగడంతో వదిలేసిన యువకుడి విగ్రహం పడి ఉంటుంది. తర్వాత ఉత్తరానికి అపోలోనాస్. అక్కడ క్వారీలోనే పడుకున్న విగ్రహం 10.7 మీటర్ల పొడవు. గడ్డం ఉండటం వల్ల డయొనైసస్ దేవుడిదై ఉంటుందంటారు. పాదాల దగ్గర నిలబడితే బండరాయిలా కనిపిస్తుంది. తల వైపు నుంచి కిందికి చూస్తేనే మనిషి ఆకారం తెలుస్తుంది. వెళ్ళేటప్పుడు కొండ దారి, వచ్చేటప్పుడు సముద్రం పక్క దారి తీసుకోండి. కొండ దారిలో మలుపులకు కడుపు తిప్పేవారుంటే దాన్ని పొద్దున్నే ముగించడం మంచిది.

జాస్ కొండ. 1,004 మీటర్లు, సిక్లడీస్‌లో అత్యంత ఎత్తైనది. రెండు దారులు. ఆయియా మరీనా గుడి దగ్గర నుంచి వెళ్ళేది తేలిక. ఫిలోటి దగ్గరి ఆరియా ఊట నుంచి గుహ మీదుగా వెళ్ళేది నిటారు, గుహ దాటాక కాలి కింద రాళ్ళు జారతాయి. గుహ దారిన దిగడానికి ప్రయత్నించకండి, మోకాళ్ళు పోతాయి. వెళ్ళి రావడానికి మూడు, నాలుగు గంటలు. ఏడింటికల్లా మొదలుపెట్టి పదకొండుకల్లా దిగిపోవాలి. మనిషికి రెండు లీటర్లు నీళ్ళు, గట్టి అడుగున్న బూట్లు, టోపీకి తాడు. బోఫోర్ట్ 6 దాటితే శిఖరం మీద నిలబడలేరు, వాయిదా వేయండి.

10. శాకాహారులకు తిండి దిగులు లేదు

నాక్సోస్ బంగాళాదుంపలకూ, గ్రావియెరా అనే గట్టి జున్నుకూ (చీజ్) గ్రీస్ అంతటా పేరు. జున్ను గడ్డకట్టడానికి సాధారణంగా జంతువుల నుంచి తీసిన పదార్థమే వాడతారు. అలాంటిది తిననివారు జాగ్రత్త.

మెనూలో వెతకవలసినవి:

- ఫావా: పసుపు బఠాణీ పప్పు మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లి. నెయ్యి లేని ముద్దపప్పు అనుకోండి.
- యీగాంతెస్: పెద్ద చిక్కుడు గింజలు టమాటా గుజ్జులో.
- హోర్తా: ఉడికించిన ఆకుకూర, నిమ్మరసం.
- యెమిస్తా: అన్నం కూరిన టమాటా, క్యాప్సికం. ఖీమా కలిపారేమో అడగాలి.
- కొలొకిథోకెఫ్తేదెస్: గుమ్మడి జాతికి చెందిన జుకీని కాయల వడలు, పెరుగు పచ్చడితో.

"హోరిస్ క్రేయాస్" అంటే మాంసం లేకుండా. "నిస్తీసిమో" అంటే ఉపవాసపు వంట: మాంసం, గుడ్డు, పాలు ఉండవు, కానీ రొయ్యలు, నత్తలు ఉండవచ్చు. అందుకే అవి లేవని విడిగా అడగండి. కారం కావాలంటే "బూకోవో" అడగండి, ఎండుమిర్చి తునకలు తెస్తారు.

గదిలో వండుకునేవారు దుకాణంలో "నిహాకి" అని రాసి ఉన్న బియ్యం కొనాలి. పొడుగు గింజ, విడివిడిగా ఉడుకుతుంది. "గ్లాసే" రకం కొంటే అన్నం బంక అవుతుంది. అక్కడి చిక్కటి పెరుగు "స్త్రాగిస్తో"ను అలాగే అన్నంలో కలిపితే గొంతు దిగదు. కప్పు పెరుగుకు అరకప్పు పాలు పోసి పలచన చేస్తే మన పెరుగన్నం అవుతుంది. ఆవాలు, ఇంగువ ఇంటి నుంచే.

11. డబ్బు, చిన్న సంగతులు

- ఏటీఎం బ్యాంకుదే ఎంచుకోండి. వీధి మూలల్లో విడిగా నిలబెట్టిన యంత్రాలు రుసుము బాదుతాయి. తెర మీద "రూపాయల్లో లెక్కించాలా" అని వస్తే కాదనండి, యూరోలే నొక్కండి. కార్డు గీకేచోట కూడా అంతే.
- కొండ ఊళ్ళకు మొత్తం యాభై యూరోలకు చిన్న నోట్లు ఉంచుకోండి.
- మరుగుదొడ్డిలో కాగితం వేయకండి, పక్కనున్న బుట్టలో వేయాలి. గొట్టాలు సన్నం, పూడుకుపోతాయి.
- గుండ్రటి రెండు పుల్లల ప్లగ్గు, 230 వోల్టులు. మన సన్న పుల్లల చార్జర్లు చాలావరకు పడతాయి. లావు మూడు పుల్లలవాటికి అడాప్టర్ కావాలి.
- మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా ఊళ్ళలో విశ్రాంతి వేళ. గట్టిగా మాట్లాడకండి, తలుపులు తట్టకండి.
- ఇంటికి ఫోన్ చేసేటప్పుడు లెక్క: వేసవిలో మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి తొమ్మిదైతే ఇక్కడ పదకొండున్నర.

12. తిరుగు ప్రయాణం

అంతర్జాతీయ విమానం ఉన్న రోజునే ఓడ ఎక్కకండి. ఓడ గంట ఆలస్యమైతే సర్దుకోవచ్చు, రద్దయితే టికెట్లన్నీ పోతాయి. ముందు రోజే ఏథెన్స్ చేరి ఒక రాత్రి అక్కడ ఉండేలా చూసుకోండి.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం:

1. గాలి అంకె చూడండి. ఎనిమిది కనిపిస్తే రేవు ఎదుటి టికెట్ కార్యాలయానికి స్వయంగా వెళ్ళి అడగండి. ఫోన్‌లో సందేశం వచ్చేదాకా ఆగితే పెద్ద ఓడలో మిగిలిన సీట్లు అయిపోతాయి.
2. వేగనౌక టికెట్ ఉంటే, పెద్ద ఓడకు మార్చుకోవచ్చా, ఎంత తేడా కట్టాలి అని అడగండి.
3. ఓడ రద్దయితే టికెట్ డబ్బు వాపసు తీసుకోవాలా, తర్వాతి ఓడలో వెళ్ళాలా అన్నది మీ ఇష్టం. వాతావరణం వల్ల ఆగినప్పుడు హోటల్ ఖర్చు ఇవ్వరు కాబట్టి గది ఇంకో రాత్రికి ఉంటుందా అని హోటల్ యజమానిని ఆ సాయంత్రమే అడిగి పెట్టుకోండి.
4. కారును ట్యాంకు నింపి, మళ్ళీ వీడియో తీసి అప్పగించండి. పొద్దున్నే ఓడ అయితే కార్యాలయం తెరిచి ఉండదు, ముందు రోజు రాత్రే ఇచ్చేయండి.
5. రేవుకు నలభై నిమిషాల ముందు చేరండి. ఒకే సమయంలో రెండు మూడు ఓడలు వస్తుంటాయి. ఎక్కే ముందు ఓడ మీది పేరు చదివి, ర్యాంపు దగ్గర ఉన్న మనిషిని "పిరేయస్?" అని ఒక్కసారి అడగండి. సాంతోరిని వైపు వెళ్ళే ఓడ కూడా అదే గట్టుకు వస్తుంది.